కుండలకు తలస్నానం

కమ్మరి వీధిలో సూదులు అమ్మినట్టు అనే సామెత మీరు వినే ఉంటారు. నా ఉద్యోగంలో చివరి కొన్నేళ్లు నేను చేసిన పని అదే. గోదావరిఖనిలో ఏ డాబా ఎక్కి చూసినా రామగుండం కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనబడతాయి. ఒక దిక్కు బొగ్గు తవ్వుతారు, ఇంకో దిక్కు దాన్ని కాల్చి ఊళ్లకు ఊళ్లకే కరెంటు పంపుతారు. సరిగ్గా ఆ రెంటి మధ్య కూర్చుని నేను మోరీ, అంటే మురుగుకాలవ, నీళ్లలోంచి కరెంటు తీస్తానన్నాను. తీశాను కూడా. ఎంత తీశావని మాత్రం అడగొద్దు. మొన్న మా కాలనీ పిల్లలు, కొత్తగా ల్యాబుల్లో ఉద్యోగాలకు చేరినవాళ్లు, ఇంటికొచ్చి ఆ మాటే అడిగారు. చెప్పగానే మర్యాదకైనా ఆగకుండా నవ్వారు. వాళ్ల నవ్వు చూశాకే ఇది రాయాలనిపించింది. నవ్వండి, కానీ మొత్తం విన్నాక నవ్వండి.

మా నాన్న బొగ్గుబాయిలో, అంటే గనిలో, పనిచేశాడు. బాయి పని కోసం ఇక్కడికి వచ్చి, చర్చి కట్టుకుని, ఇక్కడే పాతుకుపోయిన క్రైస్తవ కుటుంబాల్లో మాదొకటి. నేను కెమిస్ట్రీ చదువుకోవడం వల్ల బాయి దిగే పని తప్పింది, ల్యాబులో కూర్చున్నాను. నా డ్యూటీ నీళ్ల పరీక్ష. బాయిలోంచి తోడిపోసే నీళ్లు, కాలనీ తాగే నీళ్లు, కాలనీ వదిలే నీళ్లు అన్నీ సీసాల్లో నా బల్ల మీదికి వచ్చేవి. అందరూ నన్ను నీళ్ల సారు అనేవారు. లోకంలో అందరి నీళ్లూ చూస్తారు గానీ ఇంట్లో ట్యాంకు నిండిందో లేదో చూడరని మా ఆవిడ దెప్పేది.

ప్రత్యేక రాష్ట్రం మాట మళ్లీ గట్టిగా వినబడుతున్న రోజుల్లో కంపెనీ నన్నొకసారి హైదరాబాదుకు శిక్షణకు పంపింది. శిక్షణ అంటే మీకు తెలుసు కదా, మధ్యాహ్నం భోజనం బాగుంటుంది, ఆ తర్వాత క్లాసులో నిద్ర ఇంకా బాగుంటుంది. అలా కునుకు తీస్తున్నవాణ్ని ఒక మాట లేపి కూర్చోబెట్టింది. బురదలో ఉండే కొన్ని రకాల సూక్ష్మజీవులు మురికిని తిని, తిన్నందుకు బదులుగా రవ్వంత విద్యుత్తు వదులుతాయట. పక్కన బొగ్గు కడ్డీ పెడితే దానికి అప్పగిస్తాయట. బొగ్గు అనే మాట చెవిన పడితే మా ఊరివాళ్లకు నిద్ర ఎట్లా పడుతుంది? మురికికి మా కాలనీలో కొదవ లేదు. బొగ్గుకు అసలే లేదు. ఇక కావలసిందేముంది అనుకున్నాను.

వెనక్కి వచ్చాక తెలిసింది, మా గని బొగ్గు ఇందుకు పనికిరాదని. దాంట్లో కరెంటు సరిగా పారదు. పాత టార్చిలైటు బ్యాటరీల్లో ఉండే నల్ల కడ్డీలే గతి. అంత బొగ్గు మధ్య కూర్చుని చచ్చిపోయిన బ్యాటరీల కోసం ఇల్లిల్లూ తిరిగాను.

ఆఫీసర్ల వెంటపడి వెంటపడి ల్యాబు వెనక ఒక పాత స్టోరు గది సంపాదించాను. దాని పక్కనుంచే కాలనీ పెద్ద మోరీ పోతుంది. ఆ గదిలో మేం ముగ్గురం. నేను, ఒక ఎలక్ట్రీషియన్, సీసాలు కడగడానికి వేసిన ఒక హెల్పరు. మా గదికి జనం పెట్టిన పేరు మోరీ కరెంటాఫీసు. మధ్యాహ్నం టిఫిన్లు విప్పితే మా బెంచీ మీదికి నాలుగో మనిషి వచ్చేవాడు కాదు. ఆదివారం పూట బసంత్‌నగర్‌లో మా బావమరిది ఇంటికి బస్సులో పోతుంటే నా పక్క సీటు ఖాళీగానే ఉండేది. ఆ వాసన నాకు మాత్రం ఏనాడూ తెలియలేదు.

పుస్తకాల్లో ఉన్న నమూనాల్లో మురికి నీళ్లకూ ఉప్పు నీళ్లకూ మధ్య ఒక పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. నీళ్లు కలవకూడదు, కానీ కరెంటు నడవడానికి దారి ఉండాలి. ఆ పొర కొనే స్తోమత మా గదికి లేదు. ఒక ఎండాకాలం మా ఇంట్లో నీళ్ల కుండ చెమర్చడం చూస్తూ కూర్చుంటే, పొర ఇంట్లోనే ఉంది కదా అనిపించింది. కుండ గోడే పొర. లోపల బురద, బ్యాటరీ కడ్డీలు. కుండను ఉప్పునీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి, బయట ఇంకొన్ని కడ్డీలు. చెప్పడానికి ఇంతే. కుమ్మరి దగ్గర కుండలు ఎంచడానికే నాకు చాలాకాలం పట్టింది. గోడ మందమైతే కరెంటు దాటదు, పల్చనైతే బురద కారిపోతుంది. నేను ఒక్కో కుండను చెవి దగ్గర పెట్టుకుని తడుతుంటే, కుండ కొనను వచ్చినవా, డోలు కొనను వచ్చినవా అని కుమ్మరాయన విసుక్కునేవాడు.

ఒక్క కుండ ఇచ్చే కరెంటుతో దేన్నీ వెలిగించలేం. కొన్ని కుండలను వరుసగా కలిపి, ఆ కాస్త కాస్త కరెంటునూ పోగుచేసే చిన్న సర్క్యూటు ఎలక్ట్రీషియన్ తయారుచేశాడు. నిండినప్పుడల్లా ఒక చిన్న ఎర్రలైటు ఒక్క క్షణం వెలిగి ఆరుతుంది. మొదటిసారి వెలిగినప్పుడు మేం ముగ్గురం దాన్నే చూస్తూ నిలబడ్డాం. నా ఉద్యోగం మొత్తంలో అంత సంతోషం నాకు ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా కలగలేదు.

దాని ఉపయోగమేమిటంటారా? కాలనీ మురికి నీళ్లు శుభ్రం చేసే చెరువులు ఊరికి దూరంగా, కరెంటు లైను లేనిచోట ఉండేవి. శుభ్రం కాని నీళ్లు చివరి చెరువు దాకా వస్తే, ఆ మురికినే తిని లైటు దానంతటదే మినుకు మినుకుమంటుంది. దారిన పోయేవాడైనా చూసి చెప్పొచ్చు. లేకపోతే ఆ నీళ్లు అట్లాగే పోయి గోదావరిలో కలుస్తాయి. కంపెనీకి నేను చెప్పుకున్నది ఇంతవరకే. ఇళ్లకు కరెంటు ఇస్తానని ఏనాడూ అనలేదు.

ఇప్పుడు మా హెల్పరు సంగతి చెప్పాలి. గోదావరి అవతల ఆదిలాబాదు దిక్కు పల్లెలో పుట్టిన మనిషి. భర్త బాయిలో పనిచేస్తూ జబ్బుచేసి పోయాడు. ఆ ఉద్యోగం ఈమెకిచ్చారు. మొదట బొగ్గు పోయే బెల్టు దగ్గర రాళ్లు ఏరే పనిలో వేశారు. కొన్నేళ్లు అక్కడ చేశాక ల్యాబుకు వచ్చింది. నేను చెల్లె అని పిలిచేవాణ్ని. నాకు ఆమె పెట్టిన పేరు అందరూ పెట్టిందే, సారు. ఎలక్ట్రీషియన్ ఆమెను అక్కా అంటే ఆమె అతన్ని తమ్మీ అనేది.

ఆమె వచ్చిన మొదటి రోజే నేనొక మాట చెప్పాను. "చెల్లె, ఇవి ప్రాణమున్న యంత్రాలు. వీటికి ఆకలైతది, ఎక్కువ పెడితే అరగదు." చెప్పినప్పుడు గొప్పగా చెప్పాననుకున్నాను. ఆ మాటను ఆమె నాకంటే గట్టిగా పట్టుకుంది. కుండలకు పోసే బియ్యం కడిగిన నీళ్లను కుడితి అనేది. పొద్దున నేను రాగానే, కుడితి పోసిన సారు, మూలమీదిది సరిగ తాగుతలేదు అని పశువుల సంగతి చెప్పినట్టే చెప్పేది. పాలిచ్చే బర్రెల కన్న మీ కుండలకే మర్యాద ఎక్కువున్నదక్కా అని ఎలక్ట్రీషియన్ ఉడికించేవాడు.

అంతలో సమ్మె వచ్చింది. రాష్ట్రం కోసం అందరూ పని ఆపినప్పుడు బొగ్గుబాయిలూ ఆగాయి. మా గదికీ తాళం పడింది. ఆ ఏడు దసరా సమ్మెలోనే వచ్చింది. మా దగ్గర దసరా అంటే ఆయుధపూజ. వర్కుషాపులో లేతు మిషన్ నుంచి ఆఫీసులో టైపు మిషన్ దాకా కడిగి, పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టాల్సిందే. ఆ ఏడు మాత్రం ల్యాబులో ఏ మిషనుకూ బొట్టు పడలేదు. ఈ మాట గుర్తుంచుకోండి.

సమ్మె అయిపోయి తాళం తీసేసరికి తొట్లలో నీళ్లు ఎండి తెల్లటి ఉప్పు మిగిలింది. అన్నీ పోయాయనుకున్నాను. కుండల అడుగున బురద మాత్రం ఇంకా పచ్చిగా ఉంది. నీళ్లు పోసి, కుడితి పోసి ఊరుకున్నాం. కొన్ని రోజులకు మీటరు ముల్లు మెల్లగా లేచింది. మేమందరం సమ్మె చేస్తే ఇవి లోపల కూసుండి డ్యూటీ చేసినయన్నా, ఉద్యమ ద్రోహులు అని ఎలక్ట్రీషియన్ కుండలను తిట్టాడు. అతను యూనియన్ మనిషి. తిడుతూనే తొట్లన్నీ తనే నింపాడు.

మా పని చూసి చెప్పడానికి కంపెనీ ఒక డిప్యూటీ మేనేజరును వేసింది. ఎలక్ట్రికల్ ఇంజనీరు. నవ్వడం తెలియని మనిషి. నిమ్మకాయలో రెండు రకాల లోహపు ముక్కలు గుచ్చితే కూడా కరెంటు వస్తుంది కదా, మీ కుండల్లో తీగల అతుకులు తుప్పుపడుతున్నాయి, ఇది తుప్పు కరెంటు అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కానీ తప్పు మాట్లాడలేదు ఆయన.

"ప్రాణం వల్ల కరెంటు వస్తదంటున్నవ్ గద. అయితే ప్రాణం తీసి చూపియ్యి. అప్పుడు ఆగితే నమ్ముత" అన్నాడు.

సగం కుండల్లో మరిగే నీళ్లు పోసి, మిగతా సగాన్ని అట్లాగే ఉంచి చూడాలి. ల్యాబులో పనిచేసే ఎవరికైనా తెలిసిన పద్ధతే. కానీ ఆ కుండలు ఒక దారికి రావడానికి ఎంత కాలం పట్టిందో నాకు తెలుసు. విత్తనాల వడ్లు వండుకుతినమంటే రైతుకు చేతులాడతాయా? రేపు చేద్దాం, వచ్చేవారం చేద్దాం అని జరుపుతూ వచ్చాను. ఈలోగా కబురు వచ్చింది. దసరా కాగానే పెద్దసారు, అంటే మా జనరల్ మేనేజరు, స్వయంగా వచ్చి చూస్తారు. లైటు వెలిగితే గది ఉంటుంది, లేకపోతే ఎత్తేస్తారు.

గది ఎత్తేస్తే నాకు పోయేదేమీ లేదు, రిటైర్మెంటు దగ్గర్లోనే ఉంది. ఎలక్ట్రీషియన్ వర్కుషాపుకు పోతాడు, అక్కడ వాసన కూడా ఉండదు. కష్టమంతా ఆమెకే. దూరాన గోలేటి గనుల దిక్కు మళ్లీ బెల్టు మీదికి పంపుతారని ఆఫీసులో అనుకుంటున్నారు. ఇక్కడి క్వార్టరు ఖాళీ చేయాలి. బిడ్డ ఇక్కడ డిప్లొమా సగంలో ఉంది. ఆమె ఫిర్యాదులు చేసే మనిషి కాదు. ఒక్కసారే నోరు విప్పింది.

"ఆ బెల్టు మోతల పక్కమనిషి మాట ఇనరాదు సారు. ఇంటికి పోయినంక గూడ చెవుల అదే మోత. నా బిడ్డ ఏమన్న చెప్తే నోరు జూసి అర్థం చేసుకునేదాన్ని. మల్ల ఆడికి పోవుడు నాతోని కాదు."

నేనున్నాను కదా అన్నాను. ఉండి నేను చేయగలిగింది ఆ ఎర్రలైటు వెలిగించడం ఒక్కటే.

సమ్మె తర్వాతి ఏడు దసరా వచ్చింది. పూజల రోజు నేనెప్పుడూ వరండాలో నిలబడేవాణ్ని. లోపలికి పోయి మొక్కేవాణ్ని కాదు గానీ కొబ్బరిముక్క మాత్రం వదిలేవాణ్ని కాదు. అందరికీ అలవాటే, ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. ఆ ఏడు శ్రీరాంపూర్‌లో మా అక్క మనవడి బాప్తిస్మం పడింది. సెలవు పెట్టి పోతూ ఆమెకు చెప్పాను, కుండలు నీ భారం అని. ఫికర్ చెయ్యకుండ్రి సారు, నా బిడ్డల లెక్క చూసుకుంట అంది.

పెద్దసారు వచ్చేది రేపనగా తిరిగి వచ్చాను. గది గుమ్మంలోనే ఆగిపోయాను. ఎప్పుడూ లేని ఊదువత్తుల వాసన. నేల అద్దంలా ఉంది. కుండలన్నీ ఎర్రగా మెరుస్తున్నాయి. ఒక్కోదానికి పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, మెడలో బంతిపూల దండ వేశారు. ముందర గునుగు, తంగేడు పూలు. నిమ్మకాయలు. తొట్లలో కొత్త ఉప్పునీళ్లు తేటగా ఉన్నాయి. పెళ్లికి కూర్చున్నట్టున్నాయి కుండలన్నీ.

లైటు వెలగలేదు. నిలబడి చూశాను. కూర్చుని చూశాను. వెలగలేదు. మీటరు ముల్లు పండుకునే ఉంది.

ఆమె వెనకనుంచి వచ్చి, ఎట్లున్నది సారు అని అడిగింది. ముఖం వెలిగిపోతోంది. లోపల కూడా కడిగినవా అని అడిగాను.

"పైపైన కడిగితే తానమైతదా? బురదంత తీసి, లోపల గూడ పసుపు రాసి, అదే బురదను మంచిగ మసిలిన నీళ్లతోని కడిగి మల్ల పోసిన. ప్రాణమున్నయని మీరే అంటిరి గద సారు. పొలాల అమాసకు ఎడ్లను కడుగమా? పోయినేడు సమ్మెల వీటికి పండుగే లేకపాయె. ఆ బాకీ గూడ తీరాలని ఈసారి తలకు పోసిన."

పిల్లలూ, కోపం రావాల్సిన చోట రాకపోవడం ఎట్లా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది. అక్కడున్న ప్రతి పువ్వూ ఆమె పొద్దున్నే లేచి తెచ్చిందే. కుర్చీలో కూలబడి, నెమ్మదిగా చెప్పాను. కరెంటు ఇచ్చేది కుండ కాదు చెల్లె, ఆ బురదలో ఉన్న పురుగులు. అవి కంటికి కనబడవు. మసిలిన నీళ్లకు అన్నీ చచ్చిపోయాయి. ఆమె కుండల ముందర నేల మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు బయటికి వినబడలేదు.

సమ్మెకు చావనివి పండుగకు చచ్చాయి. ఎలక్ట్రీషియన్ వచ్చి సంగతి విన్నాడు. జేబులోంచి రెండు పెన్సిల్ సెల్లులు తీసి నా ముందర పెట్టాడు. తొట్టి అడుగున పెట్టి తీగ కలుపుత, లైటు మంచిగ కొడ్తది, ఎవ్వలికి తెల్వదన్నా అన్నాడు. నాకు ఆమె చెప్పిన బెల్టు మోత గుర్తొచ్చింది. వద్దనడానికి నోరు రాలేదు.

వద్దన్నది ఆమే. కళ్లు తుడుచుకుని లేచి, ఆ సెల్లులు తీసి అతని చేతిలో పెట్టింది. "దొంగ దీపం పెట్టద్దు తమ్మీ. ఇగ అది కొట్టినప్పుడల్ల నాకు భయమే అయితది" అంది.

మర్నాడు పెద్దసారు వచ్చారు. వెంట డిప్యూటీ మేనేజరు. పెద్దసారు గదిలోకి రాగానే కుండలను చూసి చెప్పులు విప్పబోయారు. నేను వద్దనలేదు. లైటు ముందర అందరం నిలబడ్డాం. అది వెలగలేదు. నేను ఇంగ్లీషులో ఏదో మొదలుపెట్టాను. అబద్ధం చెప్పాల్సి వచ్చినా, నిజం చెప్పే ధైర్యం లేకపోయినా మనకు ముందు ఇంగ్లీషే వస్తుంది. అది రెండు వాక్యాలు కాకముందే ఆమె ముందుకొచ్చింది.

"పండుగకని నేనే కడిగిన సారు. మసిలిన నీళ్లతోని. మొన్నటిదాక మంచిగనే కొట్టింది. సారు తప్పు లేదు."

పెద్దసారు ఆమెను చూశారు, నన్ను చూశారు. డిప్యూటీ మేనేజరు మాత్రం ముఖం కదలకుండా, అన్నిటినీ కడిగినవా అని అడిగాడు.

"అన్నిటిని సారు. ఓటికుండ తప్ప."

ఓటికుండ ఏదని నేనే అడిగాను. నాకూ తెలియదు. పండుగకు ముందు ఒక కుండ నెర్రెబారి చెమ్మ కారడం మొదలుపెట్టిందట. ఓటికుండను పూజలో పెట్టకూడదు, పారేయడానికేమో మనసు రాలేదు. తొట్టితో సహా తీసుకుపోయి వెనక మోరీ గట్టున పెట్టిందట. "కుడితి మాత్రం పోస్తనే ఉన్న సారు. పాపం, అదెందుకు పస్తుండాలె" అంది.

డిప్యూటీ మేనేజరు నా బల్ల మీద మీటరు తీసుకుని నేరుగా వెనక్కి నడిచాడు. మేమందరం ఆయన వెంట. మోరీ గట్టున, పిచ్చిచెట్ల మధ్య, పసుపు లేక, పువ్వు లేక, ఒళ్లంతా బురద కారుతూ ఆ కుండ కూర్చుని ఉంది. ఆయన ప్యాంటు మడిచి గొంతుక్కూర్చుని తీగలు తగిలించాడు. ముల్లు లేచింది.

ఆయన తీగలు తీసి మళ్లీ తగిలించాడు. మళ్లీ లేచింది. లోపలికి వచ్చి పూజ చేసిన కుండలన్నిటికీ ఒకదాని తర్వాత ఒకటిగా అదే మీటరు పెట్టాడు. ఒక్కదానిలోనూ కదలిక లేదు. మళ్లీ బయటికి పోయి ఓటికుండకు పెట్టాడు. లేచింది. పెద్దసారికి ఓపిక నశించి, ఏంది సంగతి అని అడిగారు.

ఆయన లేచి చేతులు దులుపుకున్నాడు. "అవే కడ్డీలు, అవే తీగలు, అదే బురద, అదే ఉప్పునీళ్లు సార్. తుప్పయితే కడిగినవాట్ల గూడ రావాలె. తుప్పు వేడినీళ్లకు చావదు" అని నా వైపు తిరిగాడు. "నేనడిగిన పరీక్ష ఇదే గదనయ్యా. నువ్వు చెయ్యకపోతివి. ఈ అక్క పూజ చేసి మరీ చేసిపెట్టింది. నాది తప్పు. ఇది ప్రాణమున్న కరెంటే."

నాకు ఆ క్షణం దాకా అది తట్టనే లేదు. రాత్రంతా పోయిన కుండల గురించే ఏడ్చాను గానీ, వాటి చావే మా సాక్ష్యం అవుతుందని అనుకోలేదు. పెద్దసారు మళ్లీ బతికించొచ్చా అని అడిగారు. ఓటికుండలోంచి తీసి మిగతావాటిలో వేస్తే బతుకుతాయని చెప్పాను. పాలకు తోడు పెట్టినట్టా అన్నారు. అచ్చం అట్లాగే అన్నాను. అయితే ఎండాకాలం దాకా చూద్దాం, అప్పటిదాకా గదిలోంచి ఎవరినీ కదిలించొద్దని చెప్పి వెళ్లారు. నవ్వు తెలియదని నేననుకున్న డిప్యూటీ మేనేజరు పోతూ పోతూ గుమ్మంలో ఆగి, పూజ చేస్తివి, ప్రసాదం పెట్టకపోతివి అని ఆమెను అడిగి కొబ్బరిముక్క తీసుకున్నాడు.

తోడు ఆమే పెట్టింది. ఓటికుండలోంచి బురద గరిటెతో తీసి, ఒక్కో కుండలో వేసి, పైన గుడ్డ కప్పింది. నేను పక్కన నిలబడి చూడ్డం తప్ప చేసిందేమీ లేదు. ముల్లు లేవడానికి చాలా వారాలు పట్టింది. చలి ముదిరాక ఒక మధ్యాహ్నం టిఫిను తింటుంటే ఎర్రలైటు ఒక్కసారి వెలిగి ఆరింది. ఎలక్ట్రీషియన్ జేబులు బయటికి తీసి చూపించాడు, సెల్లులేమీ లేవని.

తర్వాత ఏమైందో కూడా చెప్పేస్తాను. చెరువు దగ్గర లైటు పెట్టాం. అది బాగానే పనిచేసింది. ఎవరో రాగితీగ కోసం పీక్కుపోయారు. మళ్లీ పెట్టాం. రాష్ట్రం వచ్చింది, ఊరంతా రంగులు చల్లుకుంది. నేను రిటైరైన కొన్నాళ్లకు ఆ గది మళ్లీ స్టోరు గది అయింది. మోరీ కరెంటుతో మా ఊళ్లో ఒక్క ఇల్లు కూడా వెలగలేదు. కానీ గది ఎత్తేసేనాటికి ఆమె బిడ్డ డిప్లొమా పూర్తి చేసి ఉద్యోగంలో చేరింది. ఆమె మళ్లీ బెల్టు మీదికి పోలేదు. మీరు ఎంత కరెంటు తీశారని అడిగారు కదా, నా లెక్కలో అంత తీశాం.

అయితే నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఇదేదీ కాదు, ఆ మరుసటి ఏటి దసరా. పూజ నాడు ఆమె పళ్లెం పట్టుకుని గదిలో ఎటూ తేల్చుకోలేక నిలబడి ఉంది. నేను అలవాటు ప్రకారం వరండాలో ఉన్నాను. కడగద్దు సరే, బొట్టన్న పెట్టచ్చా సారు అని అక్కడినుంచే అడిగింది. బయట పెట్టు, ఏం కాదన్నాను. ఆమె వరుసలో ఉన్న కుండలన్నిటినీ దాటుకుంటూ మూలకు పోయింది. అక్కడ ఓటికుండ ఉంది. నెర్రెకు సిమెంటు పూసి దాన్ని గదిలోకి తెచ్చుకున్నాం. మొదటి బొట్టు దానికి పెట్టింది.

ఎలక్ట్రీషియన్ ఊరుకుంటాడా? ఓటికుండ పూజకు పనికిరాదంటివి గదక్కా అన్నాడు.

ఆమె వెనక్కి తిరగకుండానే జవాబిచ్చింది. "మంచి కుండలన్ని నన్ను ఇడిసిపెట్టిననాడు ఇదొక్కటే నన్ను ఈడ నిలబెట్టింది తమ్మీ. ఓటిదని నేనే మోరీ కాడ పెడితి. అదేమో అక్కడ గూడ పని చేసింది."

ఆమె కొబ్బరిముక్క పట్టుకుని ఎప్పటిలాగే వరండా వైపు వచ్చింది. నేను అప్పటికే చెప్పులు విప్పి గుమ్మం లోపల ఉన్నాను.